సైటు మార్చిన వైనం

"సైటు మార్చాల్సిందే, ఇంక ఆలస్యం చేస్తే లాభం లేదు" అని నేను ఫోన్లో అంటుండగా మా ఆవిడ పొయ్యి కట్టేసి వచ్చి ఎదురుగా నిలబడింది. కర్నూలు పక్కన మాకున్నది ఒకే ఒక్క సైటు, మూడు సెంట్లు. దాన్ని ఆమెకు చెప్పకుండా బేరం పెట్టానని అర్థమైపోయిందామెకు. అరుగు మీద చెనిక్కాయలు ఒలుస్తున్న మా అమ్మకు ఇంకో రకంగా అర్థమైంది: "వాని కంటికి సైటొచ్చిందని నేను ఉగాదప్పుడే చెప్పినా. ఎవురింటారు నా మాట?" ఇంటర్ చదివే మావాడు నవ్వు ఆపుకోలేక మేడెక్కాడు. వాడికి తెలిసినంతలో సైటు అనేది కొట్టడానికి తప్ప మార్చడానికి కాదు.

నేను మాట్లాడింది ఎయిర్ రైఫిల్ ముందు సైటు గురించి.

కోడుమూరులో రైఫిలా అని ఉలిక్కిపడకండి. కర్నూలు జిల్లా అంటే చాలు, హైదరాబాదులోని మా బామ్మర్ది స్నేహితులు సుమోలెన్ని, బాంబులెన్ని అని లెక్క అడుగుతారు. 2003లో 'ఒక్కడు' వచ్చినప్పటి నుంచీ మా ఇంటికొచ్చిన చుట్టాలందరినీ కొండారెడ్డి బురుజు దగ్గరికి తిప్పడమే నా పని. నా తుపాకీ నోట్లోంచి వచ్చేది పొగ కాదు, గాలి. గొట్టం 4.5 మిల్లీమీటర్లు, గుండు బలం 20 జౌళ్ల లోపు. 2016 ఆయుధాల నియమాల ప్రకారం దీనికి లైసెన్సు అక్కర్లేదు. మందుగుండు తుపాకీ అయితే ఇంట్లో కూర్చుని విప్పడం మాట దేవుడెరుగు, మరమ్మతు చేసే మనిషికే లైసెన్సు ఉండాలంటుంది 1959 చట్టం. అలాంటి తుపాకీలున్న ఆసాములకు ఎన్నికలొస్తే ఇంకో తిప్పలు. పురిటికి పుట్టింటికి పంపినట్టు వాటిని పోలీస్ స్టేషన్లో దింపి రావాలి.

2012లో లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదు గగన్ నారంగ్ పది మీటర్ల ఎయిర్ రైఫిల్లో కాంస్యం తెచ్చినప్పుడు పుట్టింది నాకీ కోరిక. మావాడు ఎనిమిదో తరగతికి వచ్చేదాకా ఆగి, వాని పేరు చెప్పి తీర్చుకున్నాను. ఆ పోటీలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. తాళింపులో ఆవగింజ అంతకంటే పెద్దది. ఆ సంగతి తెలిసిన నెలకే మావాడు ఫోను పట్టాడు, నేను తుపాకీ పట్టాను. ఒకరోజు అది చేయి జారి నాపబండ మీద పడింది. ముందు సైటులోని మెరిసే పచ్చపుల్ల, ప్లాస్టిక్కే కదా, పుటుక్కుమంది.

పోస్టులో ఇనుప సైటు వచ్చింది. వాలుగా కోసిన గాడిలోకి పక్క నుంచి జొనిపి, చిన్నగా కొడుతూ నడిపించాలి. ఇనుప సుత్తితో నేరుగా కొడితే నెర్రె పడుతుందని వీధి చివర ఆచారి దగ్గరికి పోయాను. ఆయన ఉంగరాలు సాగదీసే సుత్తి, ఒక రాగికడ్డీ తీశాడు. "ఎంత జరపాల?" అన్నాడు.

"రోంత."

"నీ రోంత ఎంత? బంగారు పనిలో రోంత అంటే కొంపలు మునుగుతాయి సామీ."

ఆయనన్నది నిజమేనని లెక్క వేస్తే తెలిసింది. వెనక సైటుకూ ముందు సైటుకూ మధ్య అర మీటరు. పది మీటర్ల దూరానికి అది ఇరవై రెట్లు. ఇక్కడ ఒక్క మిల్లీమీటరు జరిపితే అక్కడ రెండు సెంటీమీటర్లు!

పెరట్లో అందర్నీ లోపలికి పంపి తలుపేసి, హంద్రీ ఇసుక నింపిన గోనెసంచికి కాగితం అతికించి కాల్చాను. గుండు ఎడమకు పోతోంది. కుడికి రావాలి కాబట్టి ముందు సైటును కుడికి కొట్టాను. ఇంకా ఎడమకు పోయింది. ఇంకా కుడికి కొట్టాను. కాగితమే దాటిపోయింది. అప్పుడు గుర్తొచ్చాడు ఎన్‌సీసీ క్యాంపులో మా ఉస్తాద్. బ్యాక్ సైట్ 'యు'లో ఫోర్ సైట్ టిప్ అని గొంతు చించుకుంటూ ఆయన నేర్పిన పాఠం, అప్పట్లో క్యాంటీన్ పూరీల మీద ధ్యాసతో సగమే విన్నాను. వెనక సైటు పెద్దకొడుకు లాంటిది, గుండు ఎటు పోవాలంటే దాన్ని అటే జరపాలి. ముందుది చిన్నకొడుకు. అటు పొమ్మంటే ఇటు పోతుంది.

పక్కలు కుదిరాక ఎత్తు తగువు మొదలైంది. గుండు కిందికి తగులుతోంది, అంటే ముందు పుల్ల పొడవు ఎక్కువ. ఆకురాయి తీసుకుని రెండుసార్లు రుద్ది కాల్చి, మళ్లీ రుద్ది కాల్చి చూడాలి. ఓపిక లేక ఒకేసారి ఇరవై రుద్దులు రుద్దాను. గడ్డమైతే పొద్దునకు మళ్లీ పెరుగుతుంది, ఇనుము పెరగదు కదా! ఈసారి గుండు సంచి మీదుగా పోయి దొడ్డి వాకిలికి వేలాడుతున్న గుమ్మడికాయలో దిగింది. మా అమ్మ తలుపు సందులోంచి చూసి, "పోనీలే, దిష్టి దానికే తగిలింది" అంది. ఇంట్లో నాలుగో రకం చూపు కూడా ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

రెండో సైటు తెప్పించి, ఈసారి రుద్దులు లెక్కపెట్టుకుంటూ అమర్చాను. అయినా గుళ్లు జొన్నలు చల్లినట్టు పడ్డాయి. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న జాతరలో బెలూన్లు పగలకపోతే సైటు వంచి పెట్టారని నింద వేసేవాణ్ని. ఇక్కడ వంచినవాడూ నేనే, కాల్చేవాడూ నేనే. మావాణ్ని పిలిచి కాల్చమన్నాను. వాడు ఒక చేత్తో ఫోను జేబులో పెట్టుకుని, ఐదు గుళ్లూ రూపాయి బిళ్లంత చోట దించి పైకి పోయాడు.

కన్ను ఒకేసారి వెనక సైటు, ముందు సైటు, కాగితం మూడూ తేటగా చూడలేదు. ముందు సైటును తేటగా చూసి మిగతా రెండింటినీ మసకగా వదిలేయాలి. నాకు కాగితం బ్రహ్మాండంగా కనపడుతోంది, ముందు పుల్లే రెండుగా, వెంట్రుకలు మొలిచినట్టుగా ఉంది. చత్వారం. అమ్మ ఉగాదప్పుడే చెప్పింది.

కర్నూలుకు మా ఆవిడా నేనూ పోయాం. అద్దాల ఆయన దూరానికా, చదవడానికా అని అడిగాడు.

"రెండూ కాదు, రెండు మూరల దూరంలో సన్నని పుల్ల తేటగా కనపడాలి" అన్నాను.

"ఏ ఊరు సార్?"

"కోడుమూరు."

ఆయన ముఖం విప్పారింది. "మగ్గమని ముందే చెప్పొచ్చు కదా సార్! మీ ఊరి నేతవాళ్లు నా దగ్గరికి శానా మంది వస్తారు. గద్వాల చీరలేనా?"

తుపాకీ అని చెబితే ఏమనుకుంటాడోనని తలూపాను. ఆయన అద్దాలు పెట్టి తీసి, పెట్టి తీసి, కాగితం మీద ఏదో రాశాడు. లేచేటప్పుడు చేయి పట్టుకుని, దసరాకు వాళ్లింట్లోవాళ్లకు ఒక చీర తక్కువ ధరలో నేసిపెట్టమన్నాడు.

"ముందు నాది అయిపోనీయండన్నా" అంది మా ఆవిడ, "పెండ్లయినప్పటి నుంచీ నేస్తూనే ఉన్నాడు."