చక్రాల మీద విడిది

నేను పుట్టింది మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్‌లో. వంశం మాత్రం జర్మనీది. మెర్సిడెస్ బెంజ్ 1977లో తెచ్చిన టీ1 వ్యాను అచ్చులోనే బజాజ్ టెంపో కంపెనీ 1987లో ట్రావెలర్‌ని రోడ్డెక్కించింది. 2005లో ఆ కంపెనీ ఫోర్స్ మోటార్స్ అయింది గానీ నెల్లూరు జిల్లాలో మమ్మల్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు. టెంపో అంటారు. నాకూ అదే బాగుంది.

నా నుదుట ఏపీ 26 అని రాసి, పసుపు బోర్డు బిగించి, వెంకటాచలం టోల్‌గేటుకు దగ్గర్లో ఉన్న ఒక ట్రావెల్స్ షెడ్డులో నిలబెట్టారు. అక్కడి నుంచి నా బతుకంతా హైవే. తెల్లారుజామున తిరుమల, సాయంత్రం కాళహస్తి, రాత్రికి వెనక్కి. ముహూర్తాల రోజుల్లో పెళ్లి బృందాలు, కార్తీకం నుంచి సంక్రాంతి దాకా శబరిమల స్వాములు, మధ్యలో చెన్నై ఎయిర్‌పోర్టు కిరాయిలు. గుండు కొట్టించుకున్న తలల గంధం నా సీటు కవర్లను ఏనాడూ వదిలిపెట్టలేదు. ఎయిర్‌పోర్టుకు పోయేటప్పుడు ఆవకాయ డబ్బాలు, వచ్చేటప్పుడు చాక్లెట్ పెట్టెలు. నేను మోయని సరుకు లేదు, నిలకడగా చూసిన ఊరూ లేదు. సముద్రం మాకు ఎంతో దూరం కాదు. కృష్ణపట్నం పోర్టు లారీలు రాత్రింబవళ్లు నా పక్క నుంచే పోయేవి. అయినా కిరాయి బండికి ఒడ్డున రాత్రి ఆగే యోగం ఉండదు. మైపాడు బీచికి తీసుకుపోయినా చీకటి పడేసరికి డ్రైవరు హారన్ కొట్టేవాడు.

2020లో లాక్‌డౌన్ వచ్చి కిరాయిలు ఆగిపోయాయి. కదలక నిలబడి బ్యాటరీ చచ్చింది, ఎలుకలు వైర్లు కొరికాయి. ఆ స్థితిలో నన్ను కొన్నది ఉద్యోగం నుంచి రిటైరై వెంకటాచలంలోనే ఉంటున్న ఒక పెద్దాయన. అందరూ సార్ అంటారు, నేనూ అదే అంటాను.

"ఏమండీ, ఈ వయసులో బస్సు కొంటారా ఎవరన్నా?" అని ఆయన భార్య అడిగింది. ఆమెను నేను అమ్మ అంటాను.

"బస్సెవరు కొన్నారు? ఇల్లు కొన్నా," అన్నారు సార్.

సీట్లన్నీ ఊడదీశారు. అయితే సొంత బండి కదా అని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి లేదు. రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్నదానికి తేడా వచ్చేలా మార్చాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ముందు అనుమతి కావాలి. సార్ ఆర్టీవో ఆఫీసు చుట్టూ ఓపిగ్గా తిరిగి ఆ కాగితాలన్నీ తెచ్చుకున్నాకే పని మొదలైంది. పసుపు బోర్డు పోయి తెల్ల బోర్డు వచ్చింది. వెనక ఇద్దరు పడుకునే మంచం, దాని కింద వంద లీటర్ల మంచినీళ్ల ట్యాంకు, తలుపు పక్కన గ్యాస్ పొయ్యి, సింకు, చిన్న ఫ్రిజ్. సింకులో వాడిన నీళ్లు నా అడుగున వేరే ట్యాంకులోకి పోతాయి. మూలన బీరువా అంత గదిలో టాయిలెట్. దాని కింద ఇరవై లీటర్ల పెట్టె ఉంటుంది, నిండితే బయటికి లాగి ఖాళీ చేయాలి. నెత్తిన రెండు సోలార్ పలకలు.

నన్ను చూడ్డానికి వచ్చినవాళ్లంతా మంచం మీద కూర్చుని ఫోటోలు దిగుతారు. అసలు సంగతి ఎవరూ అడగరు, నేనే చెబుతాను. నా ఇంటి బ్యాటరీ 12 వోల్టులది, 200 ఆంపియర్ అవర్లది. లెక్క కడితే దాదాపు రెండున్నర యూనిట్ల కరెంటు. ఫ్యాను, లైట్లు, ఫ్రిజ్ రాత్రంతా నడిచి ఇంకా మిగులుతుంది. అదే ఒక టన్ను ఏసీ వేశారనుకోండి, గంటకు దగ్గరదగ్గర ఒక యూనిట్ తాగుతుంది. రెండు గంటలు గడిచేసరికి నేను చీకట్లో ఉంటాను. మన తీరంలో రాత్రిళ్లు ఒంటికి పట్టే ఉక్క సంగతి తెలిసిందే కదా. నీళ్ల కథా అంతే. అమ్మ అంట్లు తోమి, ఇద్దరూ చెంబుతో స్నానాలు చేస్తే వంద లీటర్లు రెండో రోజుకు అడుగంటుతాయి. నాలాంటి కారవాన్ అంటే ఎక్కడ పడితే అక్కడ ఆగిపోవచ్చని జనం అనుకుంటారు. రెండు రోజులకు మించి ఆగాలంటే ఒక ప్లగ్గు, ఒక కొళాయి, మురికి వదులుకోవడానికి ఒక గుంట కావాలి. ఆ మూడూ మన తీరంలో బండికి దొరికే చోటు నాకు కనపడలేదు.

మొదట వెళ్లింది తూపిలిపాలెం. గూడూరు, కోట, వాకాడు మీదుగా దారి. సరుగుడు తోటలు దాటేసరికి రొయ్యల గుంటల్లో ఏరేటర్లు నీళ్లు చిమ్ముతూ కనిపిస్తాయి. ఇంకొంచెం పోతే ఇసక. సార్ నన్ను నీళ్ల అంచుదాకా తీసుకుపోవాలని చూస్తుంటే వల బాగుచేసుకుంటున్న ఒకాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆడ్నే పెట్టుకో సారూ. ఈ ఇసక మా ట్రాక్టర్నే మింగుద్ది. బండి దించాలంటే టైర్లలో గాలి సగానికి తియ్యాల, ఎక్కేటప్పుడు తాటాకులు పరవాల. ఎందుకొచ్చిన తిప్పలు?"

నేను సరుగుడు నీడలో గట్టినేల మీదే ఉండిపోయాను. ఆ సాయంత్రం అమ్మ పాలెంలో చేపలు తీసుకుని మామిడికాయ వేసి పులుసు పెట్టింది. చింతపండు, మెంతిపొడి వాసన నా పరుపులో రెండు రోజులు ఉంది. గంధం వాసన చివరికి దానికే లొంగింది.

ఈ చుట్టుపక్కలకు మకాం పెట్టడానికి వచ్చినవాళ్లలో నేను మొదటిదాన్ని కాదు. ఇక్కడికి దగ్గర్లోని దుగరాజపట్నంలో 1626లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం పెట్టింది. వాళ్లు ఆ చోటును ఆర్మగాన్ అన్నారు. అక్కడి పెద్ద ఫ్రాన్సిస్ డే 1639లో ఇంకా దక్షిణాన మద్రాసు స్థలం సంపాదించాడు, మరుసటి ఏడు అందరూ మూటాముల్లె సర్దుకుని పోయారు. వాళ్లు ఇక్కడే స్థిరపడి ఉంటే ఎయిర్‌పోర్టు కిరాయిలకు నేను చెన్నై దాకా పోవాల్సిన పని ఉండేది కాదేమో! తరువాత బకింగ్‌హామ్ కాలువ వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో మద్రాసు దగ్గర మొదలైన తవ్వకం 1876-78 కరువులో కూలి పనిగా ఊపందుకుని, చివరికి పెద గంజాం నుంచి మరక్కాణం దాకా 420 కిలోమీటర్లు అయింది. ఉప్పు, కట్టెలు దాని మీదే మద్రాసు పోయేవి. గది కట్టిన పడవల్లో అధికారులు క్యాంపులకు పోయేవారు, రాత్రికి ఏ రేవులోనో కట్టేసి అందులోనే నిద్ర. ఈ తీరానికి కారవాన్ కొత్తేమీ కాదు. ఒకప్పుడు అది నీళ్ల మీద ఉండేది, అంతే. ఇప్పుడు ఆ కాలువ చాలాచోట్ల పూడిపోయి, తూటికాడ అల్లుకుని ఉంది.

సూళ్లూరుపేట వైపు పోవడం నాకు మహా ఇష్టం. శ్రీహరికోట రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది. శీతాకాలంలో రెండు పక్కలా రాజహంసలు మోకాటి లోతు నీళ్లలో తలలు ముంచి బురద జల్లెడ పడుతుంటాయి. 2001 నుంచి సూళ్లూరుపేటలో వాటి పేరు మీద ఫ్లెమింగో ఫెస్టివల్ చేస్తున్నారు. మధ్యలో కొన్నేళ్లు ఆగి 2025 జనవరిలో మళ్లీ జరిగింది. పండుగ హడావిడి కంటే, అది అయిపోయిన వారానికి మామూలు మంగళవారం పొద్దున పోవడమే మేలని నా అభిప్రాయం. పక్కనే నేలపట్టు. 1976లో పక్షుల రక్షణ కేంద్రం అయింది గానీ ఊరివాళ్లు అంతకు ముందు నుంచే గూడబాతుల్ని కాచుకుంటున్నారు. వాటి రెట్టలు చెరువు నీళ్లలో కలిసి పొలానికి ఎరువవుతాయని వాళ్ల లెక్క. లాభం కనపడితే జనం ఎంత బాగా కాపలా కాస్తారో అక్కడ చూడాలి.

2023 జులై 14న చంద్రయాన్-3 ప్రయోగం చూడ్డానికి సార్ ముందే పేరు నమోదు చేయించుకున్నారు. శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్‌లో, గ్యాలరీ దగ్గర పార్కింగులో బస్సుల మధ్య నిలబడ్డాను. మధ్యాహ్నం 2.35కి చెట్ల పైన మంట లేచింది. శబ్దం కాస్త ఆగి వచ్చింది. రాగానే నా అద్దాలు, గిన్నెలు, టాయిలెట్ తలుపు అన్నీ కలిపి దడదడలాడాయి. అన్నేళ్లు ఘాట్ రోడ్డు ఎక్కినా నాకు అంత వణుకు పుట్టలేదు.

రాత్రి తీరం ఇంకో రకం. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన ఒడ్డుకు వచ్చి ఇసకలో గుడ్లు పెట్టిపోతాయి. దాదాపు నెలన్నర నుంచి రెండు నెలలకు పిల్లలు పైకొస్తాయి. పుట్టగానే వెలుగెటుంటే అటు నడవడమే వాటికి తెలిసిన విద్య. చీకట్లో నేల కంటే సముద్రమే తెల్లగా ఉంటుంది కాబట్టి అటు పోతాయి. ఒకసారి మార్చిలో నా పందిరి గుడ్డ కింద ఎల్‌ఈడీ పట్టీ వెలుగుతుండగా గుడ్లు కాచే కుర్రాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "తాతా, ఆ లైటు ఆపు తాతా! పిల్లలు మీ బండికాడికే వచ్చేస్తున్నాయి." ఆపేశాక నా చక్రాల పక్క నుంచి ఆ బుడతలు వెనక్కి తిరిగి నీళ్ల వైపు పోవడం చూశాను. అప్పటి నుంచి సార్ ఒడ్డున ఎర్ర లైటు ఒక్కటే, అదీ లోపలే వాడతారు.

సార్ కూతురు హ్యూస్టన్‌లో ఉంటుంది. ఒకసారి అక్కడి నుంచి వీడియో కాల్ చేసింది. వాళ్లు నాలాంటిదే ఒక పెద్ద ఆర్‌వీ అద్దెకు తీసుకుని గాల్వెస్టన్ ఐలాండ్ స్టేట్ పార్కుకు పోయారు. "చూడు నాన్నా," అని ఫోను చుట్టూ తిప్పింది. ఒక్కో బండికి గీత గీసిన చదును నేల, పక్కనే కరెంటు డబ్బా, కొళాయి, తినడానికి బల్ల. తిరిగిపోయేటప్పుడు మురికి ట్యాంకులు ఖాళీ చేసుకునే చోటు వేరే. 1975లో తెరిచిన ఆ పార్కులో సముద్రం వైపు భాగాన్ని 2008లో ఐక్ తుపాను నాశనం చేసింది. మళ్లీ పూర్తిగా కట్టి తెరిచేసరికి 2022 అయింది. అది కూడా మన తీరంలాగే పల్చటి ఇసక నేలే, తుపాన్ల నేలే. అక్కడి బండ్ల సైజు చూసి నాకు అసూయ కలగలేదు. ఆ కొళాయిని చూసి కలిగింది.

తుపాను అంటే గుర్తొచ్చింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందు నుంచే నెల్లూరు జిల్లాలో కుండపోత. సార్ హెచ్చరిక వినగానే తాళం తిప్పారు, రాత్రికి వెంకటాచలంలో ఇంటి ముందున్నాను. సముద్రం పోటు గీతకు దగ్గర్లో గోడలు లేపడానికి తీర నియంత్రణ నిబంధనలు ఎటూ ఒప్పుకోవు. ఒప్పుకున్నా గోడలు తుపానుకు పారిపోలేవు, నేను పోగలను. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. ఉప్పు గాలికి నా అడుగు రేకులు ఇప్పటికే తుప్పు తింటున్నాయి. ఒడ్డు నుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో అడుగంతా కడగకపోతే ఈ గొప్పలు చెప్పడానికి నేనుండను.

నా అసలు దిగులు మురికి నీళ్ల గురించే. జాలరి పాలేల్లో ఆడవాళ్లు నీళ్లు తోడుకునే చెలమలు ఇసక దిబ్బల పక్కనే ఉంటాయి. వాననీళ్లు ఇసకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద పల్చటి పొరగా తేలుతుంటాయి. వాళ్లు తాగేది ఆ పొరనే. నేను నా ట్యాంకు అక్కడ ఒంపితే అది నేరుగా ఆ బిందెల్లోకే పోతుంది. అందుకే సార్ ఆ పెట్టెను, ఆ ట్యాంకును వెంకటాచలం దాకా మోసుకొచ్చి ఇంటి సెప్టిక్ ట్యాంకులో ఖాళీ చేస్తారు. కానీ చెన్నై నుంచో బెంగళూరు నుంచో వచ్చే బండి ఏం చేస్తుంది? దారిలో ఏ కాలవలోనో వదులుతుంది. ఒక విడిదిలో సార్ డబ్బులిస్తామన్నా ఖాళీ చేసుకోనివ్వలేదు. "మాకు గదులు తీసుకునేవాళ్లు కావాలి" అన్నారు.

కేరళ 2021లోనే కారవాన్ విధానం తెచ్చి, ఊళ్లలో కారవాన్ పార్కులు పెట్టమంది. 2025లో మన రాష్ట్రం కూడా కారవాన్ టూరిజం విధానం ప్రకటించింది. సంతోషం. కొత్త బండ్లు కొని రిబ్బన్లు కత్తిరించడం తేలిక. ఆ బండ్లు వచ్చి ఆగే నేల సంగతి ముందు చూడండి. మైపాడులో ఒకటి, తూపిలిపాలెంలో ఒకటి, పులికాట్ ఒడ్డున సూళ్లూరుపేటలో ఒకటి. చెలమలకు దూరంగా, సరుగుడు నీడ ఉన్న గట్టినేల చాలు. ఎకరం చోటు, కొళాయి, మీటరు పెట్టిన ప్లగ్గు, మూత ఉన్న సెప్టిక్ గుంట. నడిపే పని పాలెంలోని మహిళా సంఘానికి ఇవ్వండి. రాత్రికి ఇంత అని వసూలు చేసుకుంటారు, చేపల పులుసు వండి అమ్ముకుంటారు, ఎవరు మురికి ఎక్కడ వదిలారో కూడా వాళ్లే కనిపెడతారు. నేలపట్టులో పక్షుల్ని కాచింది పక్షుల మీద ప్రేమ ఒక్కటే కాదని ఇందాకే చెప్పాను.

ఈలోగా బండి వేసుకుని ఈ తీరానికి వచ్చేవాళ్లకు ఒక మనవి. డిసెంబరు, ఫిబ్రవరి మధ్య రండి. టైర్లు ఇసకలోకి దించే ముందు పాలెంవాళ్లను ఒక మాట అడగండి. తాబేళ్ల రోజుల్లో బయట లైటు వెయ్యొద్దు. ట్యాంకు నిండితే ఇసకలో ఒంపకుండా వెంకటాచలం దాకా తీసుకురండి, మా ఇంటి గుంట ఉంది, సార్ కాదనరు.