ఉజ్జీవం, సాయంత్రం ఆరు గంటలకు

ఉజ్జీవం ఈసారి శుక్రవారం సాయంత్రం ఆరింటికి వస్తోంది. ఆదివారం రాత్రి పదింటికి వెళ్ళిపోతుంది. షామియానా అద్దె అంతవరకే కట్టారు.

ఆత్మ గాలిలాంటిదని, ఎక్కడినుంచి వస్తుందో ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలియదని యోహాను సువార్త మూడో అధ్యాయంలో ఉందనుకోండి. అది మైకుసెట్లు లేని రోజుల మాట. ఇప్పుడన్నీ ఫ్లెక్సీ మీదే తెలుస్తాయి. నడిమధ్యన దైవజనులు భార్యాసమేతంగా నిలువెత్తున ఉంటారు, అంచుల్లో స్థానిక పాస్టర్లు పాస్‌పోర్టు సైజులో. ఇంకా చోటు మిగిలితే ఓ మూలన సిలువ. ‘అంతర్జాతీయ ప్రసంగీకులు’ అని ఉందంటే బెదరక్కర్లేదు, ఒకసారి కువైట్‌లో మనవాళ్ళ కూడికకి వెళ్ళొచ్చారని అర్థం.

ఆరాధన మొదలవుతుంది. కీబోర్డు తమ్ముడు ఒక్క స్వరాన్నే పట్టుకుని వేలాడుతుంటాడు, దైవజనుల గొంతు మెట్టు మెట్టుగా పైకెక్కుతుంటుంది. పక్కవారివైపు తిరిగి ఏదో ఒకటి చెప్పమంటారు, చెబుతాం. చేతులెత్తమంటారు, ఎత్తుతాం. మర్నాడు యూట్యూబ్‌లో ‘వందలాది ఆత్మల రక్షణ’. కిందటేడు లేచిన చేతులే ఇవీ. కొందరు మన ఊళ్ళో ఏటా రక్షింపబడుతుంటారు. మధ్యలో పదకొండు నెలలూ ఏం చేశారన్నది కమిటీ ఎజెండాలో ఉండదు.

ఈ అంకెల సంబరం చూసినప్పుడల్లా నాకు ఒంగోలు మిషనరీ క్లౌ దొర మీద జాలేస్తుంది. 1876-78 కరువులో జనం మలమల మాడుతుంటే ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకుని, వేలమందికి కూలి ఇప్పించాడు. వాళ్ళలో ఎందరో బాప్తిస్మం ఇమ్మని వెంటపడ్డారు. దొర ఇవ్వలేదు! గంజి కోసం వస్తున్నారేమోనని అనుమానం. ఏడాదికి పైగా ఆపేశాడు. కరువు సాయం ఆగిపోయాక కూడా జనం వస్తూనే ఉంటే, అప్పుడు ఒప్పుకున్నాడు. 1878 జూలై 3న, గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇంత మార్కెట్ చేతిలో పెట్టుకుని ఏడాదిపైగా కూర్చున్నవాడిని నేటి కమిటీలు వాచ్‌మన్‌గానైనా పెట్టుకోవు.

అంతకంటే పెద్ద తెలివితక్కువ పని ఇంకోటి చేశాడు. మాదిగలను చేర్చుకుంటే మేం రామని పైకులాలవాళ్ళు చెబితే, మీరు రాకపోతే మానెయ్యండి అన్నట్టు మాదిగల పక్కనే నిలబడ్డాడు. మనం ఆ పొరపాటు దిద్దుకున్నాం. చాలా ఊళ్ళలో మాలలకో చర్చి, మాదిగలకో చర్చి. కొన్నిచోట్ల సమాధుల దొడ్డీ వేరే. పెళ్ళిళ్ళ ప్రకటనలో ‘క్రైస్తవులు’ అని రాసిన వెంటనే కులం, ఆ వెంటనే ఆస్తి. కట్నం మాట ప్రకటనలో ఉండదు, పాస్టరుగారి సమక్షంలో మాట్లాడుకుంటారు. రెండు చర్చిలూ ఒకే దైవజనులను పిలుస్తాయి, వేర్వేరు వారాల్లో. ఆయనా అదే ప్రసంగం రెండుసార్లు చెప్పి, కవరు రెండుసార్లు తీసుకుంటారు. క్రీస్తులో ఐక్యత గురించే.

వేల్స్ ఉజ్జీవం గురించి ప్రతి సభలోనూ చెబుతారు. 1904లో ఇవాన్ రాబర్ట్స్ అనే ఇరవయ్యారేళ్ళ కుర్రాడు, ఒకప్పటి బొగ్గుగని కూలీ, మోరయా చాపెల్లో ప్రార్థన మొదలుపెట్టాడు. ఆ ఉజ్జీవం మన దేశంలో ఖాసీ కొండలదాకా పాకింది. దైవజనులు అక్కడ ఆపేస్తారు, కానుకల సంచి బయల్దేరాలి కనుక. వేల్స్‌లో మొండిబాకీలు తీర్చేశారని, కొన్నిచోట్ల కోర్టుల్లో విచారించడానికి కేసుల్లేకపోయాయని చెప్పడానికి టైము చాలదు. బైబిల్లో జక్కయ్య కథా అంతే. మేడిచెట్టు ఎక్కడం, దిగడం యాక్షన్‌తో సహా పాడిస్తారు. అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిచ్చిన భాగం ఏ రాగంలోనూ కుదరడం లేదు కాబోలు. మూడురోజుల సభలయ్యాక మన బజారులో కిరాణా షావుకారుకు పాతబాకీ ఒక్కటి వసూలైందేమో అడిగి చూడండి.

అందుకే వచ్చే ఏటికి నాదో చిన్న కార్యక్రమం. శుక్రవారం సంఘం లెక్కలు చదవడం, భూమి కాగితాలతో సహా. శనివారం, చర్చి ఆస్తి మీద ఒకరిమీద ఒకరు కోర్టుకెక్కిన పెద్దలిద్దరూ అందరి ముందూ కేసు వాపసు పత్రం మీద సంతకాలు చేయడం. ఆదివారం రెండు చర్చిలకీ ఒకే బల్ల, ఒకే రొట్టె, తర్వాత ఒకే పంక్తిలో భోజనం. ప్రసంగీకులు లేరు, కవర్లు లేవు.

ఏ కమిటీ ముందు పెట్టినా జరిగేది ఇదే. లెక్కల దగ్గర కోశాధికారి దగ్గుతారు. కేసు దగ్గర ఇద్దరు పెద్దలూ చాన్నాళ్ళకి మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. భోజనం మాట వచ్చేసరికి కార్యదర్శిగారు లేచి, “మంచి ఆలోచనండీ, ప్రార్థనలో పెడదాం,” అంటారు.

ప్రార్థనలో పెట్టేస్తారు.