పదికోట్ల పద్యానికి టీకా తాత్పర్యం

ఆ. జెడ్డ వేలమందు చేర్చిరి పదికోట్ల
ముప్పదేండ్ల పైని ముసలి యోధు;
ఇంటి కుర్రవాని నెవ్వఁడో కొనిపోయె
బారకాసు జామపండు రీతి.

టీక: జెడ్డ వేలమందు = 2024 నవంబరులో జెడ్డాలో జరిగిన ఐపీఎల్ మెగా వేలంలో; పదికోట్లన్ = పది కోట్ల రూపాయలు పోసి; ముసలి యోధున్ = మహమ్మద్ షమీని; చేర్చిరి = సన్‌రైజర్స్ హైదరాబాద్ వారు జట్టులో కలుపుకున్నారు; బారకాసు = పాతబస్తీ బార్కస్. గణాల కోసం సాగదీశాడు, కవిని క్షమించాలి. ముప్పై నాలుగేళ్ల మనిషి ముసలివాడా అంటే, ఫాస్ట్ బౌలర్లకు మన పంచాంగం వర్తించదు.

విశేషం: ఇంటి కుర్రవాడెవరు? ఇక్కడ వ్యాఖ్యాతలు తన్నుకుంటున్నారు. సిరాజ్ అని ఒక పక్షం. ఆటోడ్రైవర్ కొడుకైన అతణ్ణి ఈ జట్టే 2017లో 2.6 కోట్లకు కొని, మరుసటేడు బెంగళూరు పాలు చేసిన మాట నిజమే. కానీ ఫస్ట్ లాన్సర్ పిల్లవాడికి బార్కస్ జామతో ఏం పని? కనుక కవి హృదయం తిలక్ వర్మ. చాంద్రాయణగుట్ట ఎలక్ట్రీషియన్ కొడుకు. బార్కస్ మైదానంలో టెన్నిస్ బంతితో ఆడుతూ కోచ్ సలాం బయాష్ కంటబడ్డాడు. ఆయన బండెక్కి, ఊరికి ఆ చివరనున్న లింగంపల్లి దాకా పోయి ఆట నేర్చాడు. 2022లో ముంబై వాళ్లు 1.7 కోట్లకు తన్నుకుపోయారు. తోట మనది, ఉప్పూకారం అద్దుకుని తిన్నది వాళ్లు.

ఆక్షేపం: పెద్దవాణ్ణి కొనడమే తప్పా? 2008లో అట్టడుగున పడ్డ డెక్కన్ చార్జర్స్‌కు మరుసటేడే కప్పు తెచ్చిన కెప్టెన్ గిల్‌క్రిస్ట్‌కు అప్పటికి ముప్పై ఏడు.

సమాధానం: వయసు కాదు దోషం. షమీ 2023లో 28 వికెట్లతో పర్పుల్ క్యాప్ పెట్టుకున్నాడు. 2024 ఐపీఎల్ మొత్తం చీలమండ ఆపరేషన్‌కే పోయింది. పది కోట్లూ ఆ 2023కి కట్టినవి.

ఉదాహరణం: 2025 ఏప్రిల్ 6, ఉప్పల్. గుజరాత్ చొక్కా తొడుక్కొచ్చిన సిరాజ్ 17 పరుగులిచ్చి 4 వికెట్లు తీశాడు. ఆరు రోజులకు అదే మైదానంలో పంజాబ్ మీద షమీ 4 ఓవర్లకు 75 పరుగులిచ్చాడు, వికెట్ సున్నా. ఆ రాత్రి పరువు కాపాడింది ఇరవై నాలుగేళ్ల అభిషేక్ శర్మ, 55 బంతుల్లో 141. ఇతణ్ణి 2019 నుంచి సాకింది సన్‌రైజర్సే! కుర్రాళ్లను పెంచడం చేతకాక కాదన్నమాట. అమృత్‌సర్ పిల్లవాడి కోసం పట్టిన ఓపిక చాంద్రాయణగుట్ట పిల్లవాడి దాకా రాలేదు, అంతే.

తాత్పర్యం: ఆ సీజన్‌లో షమీకి 9 మ్యాచుల్లో 6 వికెట్లు. 2025 నవంబరులో అతణ్ణి అదే పది కోట్లకు లక్నోకు ఇచ్చేశారు.