కొరాపుట్ బ్రేక్ దర్శనం

ప్రైవేటు గిరిజన యాత్ర వారానికి రెండు రోజులే దొరికే సరుకు. బుధవారం రాయగడ జిల్లా బిసంకటక్ దగ్గరి చాటికోన సంతలో దొరుకుతుంది, గురువారం కొరాపుట్ జిల్లా లమ్తాపుట్ బ్లాకులోని ఒనకడిల్లి సంతలో దొరుకుతుంది. మొదటి సంతకు నియమగిరి దిగి డొంగ్రియా కోదులు వస్తారు. రెండో సంతకు మల్కనగిరి వైపు కొండలు దిగి బొండాలు వస్తారు. వాళ్ళు వచ్చేది ఉప్పుకీ ఎండుచేపలకీ. యాత్రికుడు వచ్చేది వాళ్ళని చూడ్డానికి. సంతలో పసుపు కొమ్ముల దగ్గర్నుంచి కోడిపెట్ట దాకా ప్రతి సరుకు వెనకాలా ఎవరో ఒకరు కూర్చునుంటారు, అడిగితే ధర చెబుతారు. ఈ ఒక్క సరుకు అమ్మేవాడు మాత్రం భువనేశ్వర్‌లోనో విశాఖపట్నంలోనో ఏసీ గదిలో ఉంటాడు. అమ్ముడుపోయినవాళ్ళకి అమ్మకం జరిగిన కబురే అందదు.

తిరుమల బ్రేక్ దర్శనం ఎరిగిన తెలుగువాడికి ఈ పద్ధతి కొత్తగా ఉండదు. డబ్బు కట్టినవాడికి తోపులాట తక్కువ, ఎదురుగా నిలబడే సమయం ఎక్కువ. కాకపోతే అక్కడ హుండీ దేవుడి ఖాతాలో పడుతుంది.

'ప్రైవేటు' అన్నమాటకు ఇక్కడ ప్రత్యేకమైన అర్థం ఉంది. బండి ప్రైవేటు, గైడు ప్రైవేటు, దారిలో టిఫిను బల్ల ప్రైవేటు, టాయిలెట్ మరీ ప్రైవేటు. కొండమనిషి ఒక్కడే పబ్లిక్. యాత్రికుడు భోంచేస్తుంటే ఎవరైనా కిటికీలోంచి తొంగిచూశారంటే రిసార్టు మేనేజరు పరుగున వచ్చి క్షమాపణ చెబుతాడు. అదే యాత్రికుడు మర్నాడు సంతలో పిల్లకు పాలిస్తున్న ఆవిడ ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి, లెన్సు సరిచేసుకుంటాడు. దానికి 'సహజమైన క్షణం' అని పేరు.

'నాగరికత తాకని లోకం' అన్నది ఈ వ్యాపారానికి మూలధనం. కరపత్రం ఏదైనా ఆ ముక్క లేకుండా అచ్చవదు. ఒనకడిల్లిలో ఆ లోకం ఎంత తాకకుండా ఉందో చూడాలంటే బండి దిగి చుట్టూ ఓసారి కలియజూస్తే చాలు. ఒనకడిల్లి మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ఉన్న ఊరు. జలాపుట్ దగ్గర మాచ్‌ఖండ్ నదికి ఆనకట్ట కట్టి, డుడుమా జలపాతపు ఎత్తును వాడుకుని, 1955లో ఇక్కడ మొదటి యంత్రం తిప్పారు. ఆంధ్ర, ఒడిశా ప్రభుత్వాల ఉమ్మడి పథకం ఇది, నడిపేది ఆంధ్ర విద్యుత్ సంస్థ. జలాశయం కింద ఊళ్ళు మునిగాయి. కరెంటు తీగల మీద విశాఖపట్నం దాకా దిగింది. ఆ దీపాల వెలుగులో చదువుకుని ఉద్యోగాల్లో చేరినవాళ్ళ పిల్లలు ఇప్పుడు అద్దాల బండిలో అదే కొండెక్కి, నాగరికత తాకనివాళ్ళు ఎక్కడున్నారని గైడుని అడుగుతున్నారు. గైడు పవర్‌హౌస్ వైపు వీపు పెట్టి నిలబడి చూపిస్తాడు. ఫొటోలో కరెంటు స్తంభం పడకుండా రెండడుగులు పక్కకి జరగమని చెప్పడం కూడా అతని ఉద్యోగంలో భాగమే.

పైనుంచి వచ్చి చూసిపోయేవాళ్ళు ఈ కొండలకు కొత్త కాదు. 1845లో మెరియా అనే నరబలులు మాన్పించడానికి కుంపిణీ ఒక ప్రత్యేక ఏజెన్సీనే పెట్టింది. దాని అధికారులు ఏనుగులతో, సిపాయిలతో తిరిగి పుస్తకాలు రాసుకున్నారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ కొండలున్న జయపూర్ సంస్థానం మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. కాబట్టి శిస్తుకీ షావుకారుకీ అటవీ గార్డుకీ దారి తెలుగు వైపు నుంచి పడింది. ఆ రోజుల్లో వచ్చినవాడికి మన్నెం జ్వరం భయం ఉండేది, పని ముగించుకుని తొందరగా దిగిపోయేవాడు. క్వినైన్ వచ్చాక ఆ భయం తగ్గింది, దోమతెర వేసిన టెంటు వచ్చాక బొత్తిగా పోయింది. ఇచ్చిపుచ్చుకోవడాల్లో ఇచ్చింది ఎవరన్న లెక్క ఒకటుంది. జయపూర్ మహారాజు విక్రమదేవవర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చేవారు, అక్కడి సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు. రాజుగారి ఖజానాలోకి డబ్బు వచ్చింది ఈ కొండల శిస్తులోంచే. ఆ కాలేజీలో చదివి అమెరికా వెళ్ళి సెలవులకు వచ్చిన పెద్దమనిషి, చాటికోనలో ఒక ముసలాయన్ని చూపించి, 'పాపం వీళ్ళకి చదువుల్లేవు కదా' అని భార్యతో అంటాడు.

యాత్ర దారి కూడా చెప్పుకోదగ్గదే. విశాఖ నుంచి బయల్దేరిన బండి సాలూరు దాటి, సుంకి ఘాటీ ఎక్కి, పొట్టంగి మీదుగా సిమిలిగుడ చేరుతుంది. అక్కడినుంచి గైడు కళ్ళకు గంతలు కట్టే పని మొదలవుతుంది. సునాబెడలో యుద్ధవిమానాల ఇంజన్ల కర్మాగారం ఉంటుంది, చూపించరు. దామన్‌జోడిలో అల్యూమినా శుద్ధి కర్మాగారం, దాని పైన పంచపట్‌మాలి మీద బాక్సైటు గని ఉంటాయి, చూపించరు. రాయగడ పక్కన జేకేపూర్ కాగితం మిల్లును చూపించకపోయినా ముక్కుకు తెలుస్తుంది, అందుకని అద్దాలు ఎత్తేస్తారు. వాటికి బదులు ఒడిశాలో ఎత్తయిన శిఖరం దేవమాలి, 1,672 మీటర్లు, మబ్బుల్లో సెల్ఫీ. కొరాపుట్ కొండలో డబ్బు ఎటు పోతోందో తెలిపే చోట్లన్నీ తీసేస్తే ఏం మిగులుతుందో అదే ప్యాకేజీ.

ఇక అసలు దర్శనం. చాటికోనలో తెల్లవారేసరికే కొండదారుల్లో వరస కనిపిస్తుంది. తలమీద బుట్టలో పసుపు, అల్లం, అనాసలు, కాలాన్నిబట్టి పనసకాయలు, కట్టలు కట్టిన కొండచీపుళ్ళు, అడ్డాకులు. ఆడవాళ్ళ జుట్టులో వరసగా పిన్నులు, ముడిలో దోపిన చిన్న చాకు, ముక్కుకు రింగులు. ఊరి పొలిమేరలోనే మారుబేరగాళ్ళు కాచుకునుంటారు. బుట్ట తలమీదనుంచి దిగకుండానే చెయ్యి వేసి, ధర తనే చెప్పి, నోటు అరచేతిలో కుక్కి లాక్కునే నేర్పు వాళ్ళది. సంతలో చూడాల్సింది ఏదన్నా ఉంటే ఆ రెండు నిమిషాలు. అడవి ఎక్కడ ఆగి బజారు ఎక్కడ మొదలవుతుందో, కొండమీద ఏడాది చాకిరీ ఏ ధరకు కిందికి దిగుతుందో ఆ చోట తెలుస్తుంది. గైడు ఆ టైముకు బండిలో అల్పాహారం పొట్లాలు విప్పుతుంటాడు. దొరలు దిగేసరికి బుట్టలు ఖాళీ అయిపోయి, ఆడవాళ్ళు తీరిగ్గా కూర్చుని కనిపిస్తారు. 'ఎంత నిశ్చింతగా ఉన్నారో చూడండి' అంటాడు గైడు.

గైడు విద్య గురించి కొంచెం. అతను ఒడియా, దేశియా, హిందీ, పనికొచ్చేటంత ఇంగ్లీషు మాట్లాడతాడు. డొంగ్రియాలు మాట్లాడే కువి మాత్రం రాదు, దేశియాలో అడిగి సరిపెట్టుకుంటాడు. కువి, తెలుగు ద్రావిడ కుటుంబంలో ఒకే శాఖకు చెందిన భాషలని పండితులు తేల్చి చాలాకాలమైంది. భద్రిరాజు కృష్ణమూర్తి ఆ శాఖలోదే మరో కొండభాష కూబికి 1969లో వ్యాకరణం అచ్చువేశారు. అంటే తెలుగు యాత్రికుడు వేలు పోసి చూడవచ్చింది దూరపు చుట్టాన్ని. మధ్యలో దుబాసీ, చేతిలో కెమెరా, మొహమ్మీద వింతను చూసిన నవ్వు.

బొండాల దగ్గర గైడు తప్పకుండా చెప్పే కథ ఒకటుంది. వనవాసంలో సీతమ్మ స్నానం చేస్తుంటే కొందరు ఆడవాళ్ళు చూసి నవ్వారట. ఆవిడకు కోపం వచ్చి మీరూ గుండు చేయించుకుని, బట్టలేకుండా తిరగండని శపించిందట. బొండా స్త్రీల గుండుకూ, నడుముకు చుట్టిన చిన్న గుడ్డకూ, ఒంటినిండా పూసలకూ అదీ కారణమని సారాంశం. కథ వింటూ యాత్రికులు వాళ్ళని చూసి నవ్వుతారు. శాపం పడింది చూసి నవ్వినవాళ్ళ మీదనన్న సంగతి ఇంతవరకూ ఏ బండిలోనూ ఎవరికీ తట్టినట్టు లేదు. కథ అయ్యాక గైడు గొంతు తగ్గించి, 'దగ్గరికి వెళ్ళకండి, కోపం వస్తే బాణం వేస్తారు' అని జోడిస్తాడు. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1950లో అచ్చువేసిన 'బొండో హైలాండర్'లో హత్యల గురించి ఉన్న మాట నిజమే. పుస్తకంలో మిగతా అంతా కూడా ఉంది. యాత్రా వ్యాపారానికి అందినవి ఆ పేజీలే.

భయం చెబితే ధర పెరుగుతుంది, అమాయకత్వం చెబితే జాలి పెరుగుతుంది, రెండూ ఒకే మనిషికి అంటించడం గైడు చేతివాటం. అమాయకత్వం సంగతి ఇదీ: 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, నియమగిరి మీద బాక్సైటు తవ్వొచ్చో లేదో గ్రామసభలే తేల్చాలంది. ఆ జూలై, ఆగస్టు నెలల్లో జిల్లా జడ్జి స్థాయి అధికారి సమక్షంలో రాయగడ, కలహండి జిల్లాల్లోని 12 ఊళ్ళు కూర్చున్నాయి. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. ఒక పెద్ద కంపెనీ ఆశని, ఒక రాష్ట్ర ప్రభుత్వం ఉత్సాహాన్ని కాగితం మీద ఓడించినవాళ్ళు వీళ్ళు. ఈ ముక్క కరపత్రాల్లో వేస్తే 'లోకం తెలియని' అన్న విశేషణం కొట్టేయాలి, విశేషణం పోతే గిరాకీ పోతుంది.

చట్టం బొత్తిగా నిద్రపోలేదు. 2012 జనవరిలో అండమాన్‌లో జారవాల చేత పర్యాటకుల ముందు డాన్సు చేయించిన వీడియో బయటపడి గొడవైంది. ఆ ఏడే ఒడిశా ప్రభుత్వం, రాష్ట్రంలో 13 ఆదిమ తెగలుగా గుర్తించినవారి ఊళ్ళలోకి పర్యాటకులు పోవడం మీదా, ఫొటోల మీదా, రాత్రి బస మీదా ఆంక్షలు పెట్టింది. మార్చిలో కందమాల్ వైపు ఇద్దరు ఇటాలియన్లను మావోయిస్టులు పట్టుకుపోయారు. వారిలో ఒకరు పూరీలో ఉంటూ యాత్రలు నడిపే మనిషి. స్నానం చేస్తున్న గిరిజన స్త్రీలను ఫొటోలు తీశారన్నది అపహర్తల ఆరోపణ. (గైడు చెప్పే సీతమ్మ కథ ఇక్కడ మళ్ళీ గుర్తొస్తే గైడు తప్పు కాదు.) ఇద్దరూ క్షేమంగా విడుదలయ్యారు. ఊళ్ళలోకి పోవడం కష్టమయ్యేకొద్దీ సంత మరింత ముద్దొచ్చింది. 'సంత అందరిదీ కదండీ' అన్నది ఇప్పటి న్యాయశాస్త్రం. నిజమే, చేపల బజారూ అందరిదే. అక్కడ చేపలు కొనేవాళ్ళ మొహాలు చూడ్డానికి ఎవరూ టికెట్ కొనరు.

పోలిక కోసం ఎడారి దాకా వెళ్ళిరావచ్చు. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో పేజ్ ఊరి పక్కన యాంటిలోప్ కాన్యన్ అనే రాతి లోయ ఉంది. వరద నీరు ఇసకరాయిని కోసుకుంటూ పోగా ఏర్పడిన సందు అది, పైనుంచి ఎండ పడితే గోడలు కాషాయంగా మెరుస్తాయి. అక్కడ తీసిన ఒక నలుపు తెలుపు ఫొటో 65 లక్షల డాలర్లకు అమ్ముడుపోయిందని 2014లో ఫొటోగ్రాఫరు తరఫున ప్రకటించారు. లోయ నవహో తెగవారిది. 1997 ఆగస్టులో హఠాత్తుగా వచ్చిన వరదలో 11 మంది పర్యాటకులు చనిపోయారు. ఇప్పుడు అనుమతి ఉన్న గైడు లేనిదే లోపల అడుగు పెట్టనివ్వరు. రుసుము నవహో ప్రభుత్వానికి కట్టాలి. ట్రైపాడ్ తేకూడదు, సెల్ఫీ కర్ర తేకూడదు, నడవమన్నప్పుడు నడవాలి. చూపించేది రాయి, చూపించేవాళ్ళు దాని సొంతదార్లు. కాలిఫోర్నియా తెలుగువాడు అక్కడ నోరెత్తకుండా వరసలో నిలబడి, 'ఎంత పద్ధతిగా ఉంచారో' అని ఇంటికొచ్చి మెచ్చుకుంటాడు. అతనే కొరాపుట్ వచ్చి, మనిషిని చూపించే చోట సొంతదారెవరని అడగడు.

కొనుగోళ్ళ సంగతి చివర్న. డొంగ్రియా స్త్రీలు దళసరి తెల్లగుడ్డ మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో కొండలూ త్రికోణాలూ కుట్టిన శాలువను కప్డాగండా అంటారు. మనసిచ్చినవాడికి, అన్నదమ్ములకు ఇవ్వడానికి కుట్టుకునేది అది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. యాత్రికుడు ఆ సంగతి ఫోన్‌లో చదివి, శాలువ మడత విప్పి, వెనక్కి తిప్పి ముడులు చూసి, ధర అడిగి, అందులో సగానికి అడుగుతాడు. గైడు బేరం తెగ్గొడతాడు, సరదా పడి ఇంకో యాభై తగ్గించమంటాడు. ఆవిడ అటు తిరిగి పక్కావిడతో కువిలో ఏదో అంటుంది, ఇద్దరూ నవ్వుకుంటారు. 'ఏమంటోంది?' అని యాత్రికుడు అడుగుతాడు. 'సంతోషంగా ఉందంటోంది సార్' అని, రాని భాషలోంచి అనువాదం చేస్తాడు గైడు.

తిరుగు ప్రయాణంలో చేతికిచ్చే బిల్లు వెనక చిన్న అక్షరాల్లో వివరాలుంటాయి. ఏసీ బండి, డ్రైవరు భత్యం, గైడు, రెండు పూటల భోజనం, మనిషికి రోజుకు రెండు నీళ్ళ సీసాలు, టోలు, పార్కింగు, గొడుగు ఇందులో కలిసినవి. కెమెరా రుసుములు, లాండ్రీ, మందు, స్థానికులకు ఇచ్చే చిల్లర కలవనివి.