నీలి కాలమ్ ఆత్మకథ

నేను చిటికెనవ్రేలి పొడవును మించని గొట్టమును. ప్రయోగశాలవారు నన్ను కాలమ్ అందురు. నా గర్భమందలి సూక్ష్మ గుళికలు సముద్రపు నాచునుండి తీసిన అగరోజుతో రూపొందినవి. వానికి పట్టించిన సిబాక్రాన్ బ్లూ అను కృత్రిమవర్ణము నూలువస్త్రముల అద్దకమునకై పుట్టినది. శ్రీకాళహస్తి కలంకారీవలె వస్త్రమును శోభింపజేయవలసిన ఆ జాతి వర్ణమునకు రక్తమందలి మాంసకృత్తగు అల్బుమిన్‌ను పట్టి నిలుపు గుణము కలదని శాస్త్రజ్ఞులు గ్రహించుటచేతనే నాకు ఈ జన్మము లభించినది. శేషాచల పాదమున, తిరుపతిలోని యొక జీవరసాయన ప్రయోగశాల నా నివాసము.

మిల్లీలీటరు రక్తరసిలో అల్బుమిన్ 35 మొదలు 50 మిల్లీగ్రాములవరకు ఉండును. అందలి మాంసకృత్తులలో ఇంచుమించు సగభాగము అదియే. దేహములోని వాపును సూచించు ఇంటర్‌ల్యూకిన్-6 యన్ననో, ఆరోగ్యవంతునియందు అంతే రసిలో కొన్ని పికోగ్రాములు మాత్రమే. ఈ రెంటి నడుమ అంతరము సుమారు వెయ్యి కోట్ల రెట్లు. గరుడసేవనాడు తిరుమల మాడవీధులలో తప్పిపోయిన బిడ్డ పిలుపును ఆలకించుట యెంత దుష్కరమో, అల్బుమిన్ నిండిన రసిలో అట్టి అల్పపదార్థమును మాస్ స్పెక్ట్రోమీటర్ గుర్తించుట అంత దుష్కరము.

అల్బుమిన్ అడ్డును తొలగించి ఆ వెదకులాటను సులభము చేయుటయే నా విద్య. ఈ విద్యకు పూర్వులున్నారు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కూడి 1925లో ప్రకటించిన భాస్వరపు కొలతయందు, రక్తములోని మాంసకృత్తులను ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లముతో విరిచి, వడగట్టి, మిగిలిన తేటను పరీక్షించు పద్ధతిని అవలంబించెను. కండరపు తేటలో భాస్వరమును చూపు రంగు ఆలస్యముగా ముదురుటకు కారణమును వెదకియే వారిరువురు 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను లోకమునకు తెలిపిరి. అయితే వారు వెదకినది మాంసకృత్తు కాదు గనుక అన్నిటిని ఒక్కపెట్టున తొలగించుట చెల్లినది. నేనో, మాంసకృత్తులలోనే ఒకదానిని ఆపి తక్కినవానిని సాగనంపవలసినదానను.

శిశువు మడమనుండి తీసిన రక్తపు రసియైనను, వాచిన మోకాలినుండి తీసిన ద్రవమైనను, ఇరువది మైక్రోలీటర్లు ఉప్పు తక్కువైన ద్రావణముతో పలుచనై నాలో ప్రవేశించును. కొంతసేపు నిలిచిన పిమ్మట సెంట్రిఫ్యూజ్‌లో తిరుగగా అల్బుమిన్ నన్ను అంటిపెట్టుకొనియుండ, తక్కినవి క్రిందికి దిగును. పిదప ఉప్పు గాఢతను పెంచినచో అల్బుమిన్ నన్ను వీడును.

ఇచట నా మనసులోని మాట నొకటి చెప్పవలెను. అల్బుమిన్ ఏకాకి కాదు. కొవ్వు ఆమ్లములను, బిలిరుబిన్‌ను, హార్మోనులను, చిన్న పెప్టైడులను మోయు మహావాహకము. దానిని నేను ఆపినపుడు అది మోయుచున్నవియు నాయందు చిక్కును; నా వర్ణమునకు తగులుకొను ఇతర మాంసకృత్తులును కొన్ని కలవు. వెదకుచున్న రోగచిహ్నము ఆ చిక్కినవానియందే ఉండవచ్చును. కావున నన్ను వాడు యువశాస్త్రజ్ఞులారా, దిగివచ్చిన తేటతోడనే తృప్తి చెందక, నేను పట్టియుంచినదానినికూడ కరిగించి, భద్రపరచి, పరీక్షించుడు. ఎంత పోసితిరో, ఎంత దిగినదో, ఎంత నిలిచినదో మూడింటిని కొలిచి వ్రాసికొనుడు. ఆ బొట్లను ఇచ్చినవారు బాధను ఓర్చి ఇచ్చిరి. మరల ఇమ్మని వారిని అడుగవలసిన అవసరము రానీయకుండుటయే మన ధర్మము.