వచ్చిండా? వచ్చిందా?

నిడమనూరులో పొద్దున్నే టీ హోటల్ బెంచీ మీద కూర్చోండి, తెలుగు వ్యాకరణం ఉచితంగా వినబడుతుంది. 'పటేల్ వచ్చిండు.' 'బర్రె వచ్చింది.' 'పటేల్ పెండ్లాం వచ్చింది.' 'మిర్యాలగూడ బస్సు వచ్చింది.' మగాడికి క్రియ విడిగా కుట్టించాం. ఆలికీ బర్రెకూ బస్సుకూ ఒకటే తాను. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి దీనికి పట్టా రాసిచ్చాడు: ఆడవాళ్లూ జంతువులూ జడపదార్థాలూ పోగా మిగిలినవే మహత్తులు. ఆయన్ననేం లాభం? ఊళ్లో ఉన్న హద్దురాళ్లకే సున్నం కొట్టాడు.

ఒక వెసులుబాటుంది. సాగర్ ఎడమ కాలువకు నీళ్లొదిలాక పదిమంది ఆడవాళ్లు కలిసి నాటుకు వస్తే 'వచ్చిన్రు'. ఒక్కతే వస్తే 'వచ్చింది'. ఎకరానికి గుత్త తెగేదీ ఆ బహువచనంతోనే.

ఇక కోరిక. మగాడు పిల్లను 'చూసుకుంటడు', 'చేసుకుంటడు', ఇంకొకామెను 'ఉంచుకుంటడు'. పిల్లను మాత్రం 'ఇచ్చినం'. వడ్లు మిల్లుకిచ్చినట్టు. ఆమె 'నాకు కావాలి' అందా, నిఘంటువు మూసి బూతుల మూట విప్పుతాం. తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాధ కోరికను దాచకుండా రాసింది. ఆ 'రాధికా సాంత్వనము'ను 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ అచ్చు వేయించగానే పెద్దమనుషులకు చెమటలు పట్టాయి, సర్కారు నిషేధించింది. నిషేధం పోవడానికి ప్రకాశం పంతులు మద్రాసు ప్రధాని కావలసి వచ్చింది. మగకవులు అదే పని చేస్తే ప్రబంధం. పిల్లలకు ప్రతిపదార్థం, మార్కులు.

హిజ్రాల సంగతి మరీ తమాషా. ఆడబట్ట కట్టి బజార్లో ఆడిపాడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చన్నది నిజాం కాలపు 1329 ఫసలీ చట్టం. 2023లో హైకోర్టు కొట్టేసింది. టీ హోటల్ ఇంకా కొట్టెయ్యలేదు. దుకాణం తెరిచిన రోజు 'అక్కా, దీవించు' అని వంగుతారు. అక్క మలుపు తిరగ్గానే 'వచ్చిండా, వచ్చిందా?' అని ఇకిలిస్తారు.

జీపు ఆగింది. ఆఫీసరమ్మ దిగింది. బెంచీ మొత్తం లేచి నిలబడింది: 'మేడమ్ వచ్చిన్రు!' చూశారా, ఆడా మగా తేడా లేని క్రియ మన నోట్లోనే ఉంది. బయటికి రావడానికి దానికో జీపు కావాలి, అంతే.

మేడమ్‌కు బదిలీ అయిన తెల్లారి అదే బెంచీ: 'పోయింది రా అది. ఇంకో చాయ్ పొయ్యి.'