చదరంగానికి శంకుస్థాపన

2024 డిసెంబరు 12న సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ కబురు మా ఊరి విశ్వవిద్యాలయానికి కాస్త ఆలస్యంగా చేరింది గానీ, చేరగానే కమిటీ పడింది. కన్వీనరు, కో-కన్వీనరు, సమన్వయకర్తలు, సలహాదారులు. వీరిలో చదరంగం వచ్చినవారు ఒక్కరూ లేరు. ఉంటే నిష్పక్షపాతం దెబ్బతింటుందని కాబోలు.

క్యాంపస్‌లోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ చదరంగాన్ని ఉద్యమంలా తీసుకెళ్లాలని తొలి తీర్మానం. ఉద్యమానికి ఫ్లెక్సీ కావాలని మలి తీర్మానం. రెండోది వెంటనే అమలైంది. ఒక పక్క వీసీ, మరో పక్క రిజిస్ట్రారు, నడుమ స్టాంపు సైజులో మన చెస్ ఆటగాళ్లు హంపి, హారిక, హరికృష్ణ, అర్జున్. కింద చదరంగం బల్ల. ఆటగాడి కుడిచేతి మూలన తెల్లగడి ఉండాలి, నల్లగడి ఉంది. రాజు కుర్చీలో మంత్రి కూర్చున్నాడు. రాజనీతి శాస్త్ర విభాగం వారికి ఇందులో వింతేమీ కనపడలేదు.

ప్రారంభోత్సవానికి ఎమ్మెల్యేగారు వచ్చి తొలి ఎత్తు వేశారు. బంటు మొదటిసారి మహా అయితే రెండు గళ్లు నడుస్తుంది. ఆయన మూడు నడిపించారు. ఫొటోగ్రాఫరు "ఇంకోసారి సార్" అనేసరికి నాలుగోది కూడా దాటించారు. చప్పట్లు. శాలువాలు, జ్ఞాపికలు, భోజనాలు పోగా చెస్ గడియారాలకు డబ్బు మిగల్లేదు. గడియారాల్లేకుండా టోర్నీ ఎలాగండీ అని సివిల్ బ్రాంచి కుర్రాడొకడు అడిగితే, "గోడకు ఉందిగా బాబూ" అన్నారు కన్వీనరు.

ఇక దత్తత గ్రామంలో అవగాహన ర్యాలీ. ప్లకార్డులు పట్టుకుని ఎన్నెస్సెస్ పిల్లలు వీధిలోకి రాగానే, రచ్చబండ మీద పులిజూదం ఆడుతున్న తాతలు ఆట ఆపి కంగారుగా అడిగారట: "ఊళ్లోకి ఏం జబ్బొచ్చింది నాయనా?"

ఇక క్యాంపస్‌లో ఆడదామంటే చదరంగం బల్లలు లేవని కాదు, ఉన్నాయి. ఫిజికల్ డైరెక్టరుగారి బీరువాలో భద్రంగా ఉన్నాయి. ఆ గది పదింటికి తెరిచి నాలుగింటికి మూస్తారు, అంటే సరిగ్గా క్లాసులు జరిగినంతసేపూ. బయటి సంగతి చూడండి: మన పిల్లలు ఎమ్మెస్‌కు ఎగబడే టెక్సస్ విశ్వవిద్యాలయం డాలస్ శాఖలో 1996 నుంచీ చెస్ జట్టుంది. ఫుట్‌బాల్ జట్టు లేని ఆ చోట చెస్ ఆటగాళ్లకు స్కాలర్‌షిప్పులిస్తారు. అదే రాష్ట్రంలోని టెక్సస్ టెక్ నుంచి 2012లో కోచ్ సుజాన్ పోల్గర్ వెబ్‌స్టర్ విశ్వవిద్యాలయానికి మారితే, ఆమె వెంట జట్టు కూడా కదిలివెళ్లింది. మా దగ్గరా అంతే. పాత డైరెక్టరు బదిలీ అయినప్పుడు ఆయన వెంట బీరువా తాళంచెవి వెళ్లిపోయింది.

ఆ సివిల్ కుర్రాడు నిజంగానే ఆడతాడు. అదే వచ్చిన చిక్కు. తొమ్మిది రౌండ్ల టోర్నీకి వెళ్తే వారం హాజరు పోతుంది. అలాంటివి రెండు మూడు ఆడేసరికి డెబ్బై అయిదు శాతం గీత కిందికి జారాడు. మినహాయింపు కోసం హెచ్‌ఓడీ దగ్గరికి వెళ్తే ఆయన దరఖాస్తు రెండుసార్లు చదివి, "ఎలాగూ కూర్చుని ఆడేదేగా, ఆ కూర్చునేదేదో క్లాసులోనే కూర్చోవచ్చుగా?" అన్నారు. గుకేశ్‌ను నాలుగో తరగతి తర్వాత రోజూ బడికి పంపడం మానేసిన తల్లిదండ్రుల ముందుచూపు నాకప్పుడు అర్థమైంది.

ఈలోగా విశ్వవిద్యాలయాల నాణ్యత తూచే న్యాక్ బృందం వస్తోందన్నారు. ఏడో ప్రమాణం కింద 'ఉత్తమ ఆచరణలు' చూపించాలి. చదరంగ ఉద్యమం మీద రంగుల నివేదిక తయారైంది: ఫ్లెక్సీ ఫొటో, ఎమ్మెల్యేగారి నాలుగు గళ్ల బంటు, ర్యాలీ. 'సాధించిన ఫలితాలు' అన్న పేజీ ఒక్కటే ఖాళీ. ఎవరో గుర్తుచేస్తే కన్వీనరు ఆ కుర్రాడికి హడావుడిగా ఫోన్ చేసి, కప్పుతో ఉన్న ఫొటో ఒకటి పంపమన్నారు. హాజరు తగ్గినందుకు కండోనేషన్ ఫీజు కట్టే క్యూలో ఉన్నాను సార్, కప్పు ఊళ్లో ఉంది అన్నాడు వాడు.

"పర్లేదమ్మా, క్యూలోంచే ఓ సెల్ఫీ కొట్టు. వెనక కౌంటరు మాత్రం పడనీయకు."